కొమ్మలు కనిపించే కాలం

ఫోను ఇంకాస్త దగ్గరికి పెట్టు. నేను మాట్లాడుతూ పోతే అదే రాసుకుంటుందన్నావుగా, తప్పులు తర్వాత నువ్వు దిద్దుకో. మీ తాతయ్య పక్క గదిలో పడుకున్నారు కాబట్టి ధైర్యంగా చెబుతాను. లేచారంటే ప్రతి వాక్యానికీ ఒక సవరణ ఉంటుంది. జీవితమంతా సెంట్రల్ గవర్నమెంటు ఫైళ్ళు దిద్దిన చెయ్యి కదా!

మీ అమ్మ ఇందిరాపురం నుంచి వచ్చినప్పుడల్లా, చెప్పులు విప్పుతూనే అడుగుతుంది, "ఆ ఆకుల్లేని కుండీ ముందు కూర్చుని ఏం చూస్తావమ్మా?" అని. ఏం చూస్తానో చెబుతాను. దాంతోపాటు పోయిన చలికాలం మీ తాతయ్య కంటి ఆపరేషను సంగతి కూడా చెప్పాలి. ఎందుకంటే అవి రెండూ ఒకటే కథ.

నేను పుట్టింది నరసాపురం దగ్గర. అక్కడి చెట్లు ఆకులు రాల్చడమంటే ఇటు రాలుస్తూ అటు తొడుక్కోవడమే. నిలువునా అన్నీ వదిలేసి నిలబడే చెట్టును ఢిల్లీకి నర్సు ఉద్యోగానికి వచ్చాకే చూశాను. మొదటి చలికాలం హాస్టల్ కిటికీ తెరిస్తే బయట అన్నీ మోడులే. "పాపం, ఈ ఊళ్ళో చెట్లకి ఎవరూ నీళ్ళు పొయ్యరా?" అని అడిగాను. నా పక్క మంచం పంజాబీ పిల్ల పడీపడీ నవ్వి, "అరే పగలీ, చచ్చిపోలేదు, సో రహే హై" అంది. నిద్రపోతున్నాయట! చెట్టు నిద్రపోతే ఇలా ఉంటుందా అని ఆ రోజంతా ఆశ్చర్యపోయాను.

మా హాస్పిటల్ వెనకాల పెద్ద మల్బరీ ఉండేది. ఇక్కడివాళ్ళు షహతూత్ అంటారు. ఎండలు ముదరకముందే పళ్ళు రాలేవి. మా తెల్ల యూనిఫాంల మీద ఊదారంగు మరకలు చూసి, డ్యూటీలో ఎవరెవరు చెట్టు కిందికి పోయారో మేట్రన్ పట్టేసేది. నేను రిటైరయ్యే ముందు చలికాలం మాలీ దాని కొమ్మలు కొట్టి గుట్ట పోశాడు. అందులోంచి మణికట్టంత లావు ముక్క ఒకటి చున్నీలో చుట్టుకుని బస్సులో తెచ్చాను. బాల్కనీలో పాత బకెట్లో గుచ్చాను. మల్బరీకి బతకడం బాగా వచ్చు. చలి తగ్గగానే చిగురేసింది.

తర్వాత మన సొసైటీలోనే పై అంతస్తు దీదీ దగ్గర బోన్సాయ్ నేర్చుకున్నాను. పెద్ద చెట్టు రూపాన్ని అడుగున్నర ఎత్తులో, పళ్ళెంలాంటి కుండీలో నిలబెట్టడం. కొమ్మని ఎక్కడ కత్తిరిస్తే ఎక్కడ చీలుతుంది, తీగ చుట్టి ఎలా వంచాలి, వేళ్ళ మొదళ్ళు మట్టి పైకి బాతు కాలులా పరుచుకుని కనిపించాలంటే ఏం చెయ్యాలి, అన్నీ ఆవిడే చూపించింది. "గర్మీలో కనిపించేది సూటు. సర్దీలో కనిపించేదే చెట్టు" అనేది ఆవిడ, ఎండాకాలం ఒంటి మీది బట్టలే కనిపిస్తాయి, చలికాలమే అసలు చెట్టు అని.

నిజంగానే, ఆకులున్నప్పుడు మల్బరీ ఒక పచ్చటి గుబురు, అంతే. డిసెంబరులో ఆకులు పసుపెక్కుతాయి. మొండిగా వేలాడేవి కొన్ని ఉంటాయి, వాటిని నేనే తీసేస్తాను. పైకి లాగకూడదు, కాడని కిందికి నొక్కితే చేతిలోకి వచ్చేస్తుంది. పాత టూత్‌బ్రష్ తడిపి మాను మీద నాచు, ఢిల్లీ మసి తోమేస్తాను. వెనకాల బట్టలారేసే తాడు మీద తెల్ల దుప్పటి వేస్తాను. అప్పుడు మోఢా, అదే పేము స్టూలు, వేసుకుని చూపు మాను మొదటికి సమానంగా వచ్చేలా కూర్చుంటాను. పైనుంచి చూస్తే అది కుండీలో మొక్క. కిందనుంచి చూస్తేనే చెట్టు.

చూపు వేళ్ళ దగ్గర మొదలుపెట్టాలి. మాను వెంట మెల్లగా ఎక్కాలి. మొదటి కొమ్మ ఎక్కడ విడిపోయింది, అది రెండైంది, ఆ రెండూ మళ్ళీ చీలాయి, చివరికి వచ్చేసరికి దారప్పోగుల్లాంటి రెమ్మలు, వాటి మీద గోధుమరంగు మొగ్గలు. నాకైతే వార్డులో ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకి పట్టుకున్నట్టుంటుంది. సూది గుచ్చడానికి నరం దొరకని చెయ్యిని తిప్పి తిప్పి చూస్తుంటే ఉన్నట్టుండి మొత్తం చెయ్యంతా నరాలే కనిపిస్తాయి చూడు, అలా. పొగమంచు రోజుల్లో ప్రతి రెమ్మ కొసనా ఒక నీటిచుక్క వేలాడుతుంది. ఎండ వస్తే దుప్పటి మీద నీడ పడుతుంది. అసలు చెట్టు ఒకటి, నీడ చెట్టు ఒకటి, నాకు రెండు చెట్లు.

మీ తాతయ్యకి ఇదంతా వేళాకోళం. వంటింట్లోంచే కేకేసేవారు, "ఏమ్మా సిస్టరూ, నీ చీపురుపుల్లలకి ప్రార్థన అయిందా, టీ ఏమన్నా దొరుకుతుందా?" అని. ఏటా ఇదే పాట. ముందటేడు చలికాలం మాత్రం చీపురు అన్న మాట మానేశారు. మనిషి మారాడు, నాతో ఉండి ఉండి కాస్త రసికత అబ్బింది అనుకుని మురిసిపోయాను.

పోయిన డిసెంబరులో క్రిస్మస్ పనుల్లో పడి రెండు వారాలకి పైగా చెట్టు వంక చూళ్ళేదు. కేకులు, క్యారల్స్ వాళ్ళకి టిఫిన్లు, చర్చిలో అలంకరణ, నీకు తెలుసుగా. మధ్యలో ఒకరోజు చపాతీలు చేస్తుంటే అప్పడాల కర్రకి ధనియాల వాసన వచ్చింది. ఎవరో మసాలా నూరి ఉంటారనుకున్నాను. ఇంట్లో ఉన్నది ఇద్దరం, ఆ ఎవరో ఎవరని ఆలోచించే తీరిక లేదు.

కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక తీరిగ్గా మోఢా వేసుకుని కూర్చున్నాను. కుండీ నిండా కొత్త మట్టి. ఇన్నేళ్ళు నేను పైకి తెచ్చిన వేళ్ళ మొదళ్ళన్నీ పూడిపోయాయి. మట్టి మీద వరసలు వరసలుగా కొత్తిమీర మొలకలు!

"ఏవండీ!" అని అరిచాను. పై అంతస్తు దీదీ కూడా తొంగి చూసింది.

"ఏంటే, పామా?" అంటూ వచ్చారు.

"ఇదేం పనండీ? చెట్టున్న కుండీలో కొత్తిమీర చల్లుతారా ఎవరన్నా?"

"చెట్టేది? ఎండిపోయిందిగా. ఖాళీ కుండీ, మంచి ఎండ, ఎందుకు వృథా అని ధనియాలు నలిపి చల్లాను. మొద్దు పీకుదామంటే రాలేదు, ఉండనిచ్చాను."

"పీకుదామనుకున్నారా?"

"మొద్దే కదే! కొమ్మా రెమ్మా ఉంటే నేనెందుకు ముట్టుకుంటాను?"

అప్పుడు నా కోపం ఎక్కడో జారిపోయింది. ఆయన నన్ను ఏడిపించడానికి అనలేదు. మామూలుగా, ఉన్న సంగతి చెబుతున్నట్టు చెప్పారు. నేను లేచి, ఒక రెమ్మ వెనకాల నా చూపుడు వేలు పెట్టాను.

"ఇక్కడ ఏముంది?"

"నీ వేలు."

"వేలు ముందు?"

కాసేపు చూశారు. తల అటు ఇటు తిప్పారు. "పొగమంచు ఎక్కువగా ఉందివాళ" అన్నారు.

మిట్టమధ్యాహ్నం. ఎండ ఫెళ్ళున కాస్తోంది.

ఒక్కొక్కటే అర్థమైంది నాకు. పేపర్లో పెద్దక్షరాలు చదివి మిగతాది ఊహించి చెప్పడం. చర్చిలో పాత పాటలకి గొంతెత్తి పాడి, తెర మీద కొత్త పాట వేస్తే దగ్గు రావడం. టీవీకి ముక్కు ఆనించినంత దగ్గరగా కుర్చీ లాక్కోవడం. అడిగితే అన్నిటికీ ఒకటే జవాబు, "పొల్యూషన్. ఢిల్లీలో ఎవరికి కనిపిస్తుందే సరిగ్గా?" ఇంకే ఊళ్ళోనైనా దొరికిపోయేవారు. ఇక్కడ సగం ఏడాది ఊరే మసకగా ఉంటుంది, కళ్ళు మసకబారాయని ఎలా తెలుస్తుంది? చీపురుపుల్లలు అనడం మానేసింది రసికత వచ్చి కాదు, పుల్లలు కనిపించక.

ఆ మొలకల్ని పీకి చారులో వేశాను. మట్టి తీసేసి, వేళ్ళు మళ్ళీ బ్రష్‌తో తుడిచాను. మర్నాడు ఆయన్ని కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు బాగా ముదిరాయన్నాడు. ఒకదాని తర్వాత ఒకటి తీయించుకోవాలన్నాడు. చిన్న ఆపరేషను, సాయంత్రానికి ఇంటికి. ఆయన డాక్టరు ముందు బుద్ధిగా తలూపి, ఆటో ఎక్కగానే, "నేను చేయించుకోను" అన్నారు.

"ఎందుకండీ?"

"నువ్వే కదా చెప్పావు."

"నేనేం చెప్పాను?"

"ఇన్నేళ్ళూ డ్యూటీ నుంచొచ్చి అన్నం తింటూ చెప్పినవన్నీ ఎవరు విన్నారనుకున్నావు? ఫలానా ఆయనకి కుట్లు విడిపోయాయి, ఫలానా ఆవిడకి చీము పట్టింది, మత్తు సగంలో దిగిపోయింది. పప్పు కలుపుకుంటూ అవన్నీ విన్నాక కంటి మీద కత్తి ఎవడు పెట్టించుకుంటాడే?"

నాకు నవ్వొచ్చింది. నేను చెప్పినవి అబద్ధాలు కావు. కానీ ఇంటికి మోసుకొచ్చేవి తిరగబడిన రోజుల సంగతులే కదా. కట్టు విప్పించుకుని, అరటిపళ్ళు పంచి, నడిచి ఇంటికెళ్ళిన వాళ్ళు ఎంతమంది! వాళ్ళ గురించి అన్నం దగ్గర ఎవరు చెబుతారు?

బతిమాలాను. అలిగాను. పాస్టరుగారితో చెప్పించాను. ఆయన వచ్చి ప్రార్థన చేసి వెళితే, "ప్రార్థన చేశారుగా, ఇంక ఆపరేషనెందుకు?" అని మీ తాతయ్య నా మీదే తిప్పారు. ఆ జనవరిలో నాకు ఇంకే దిగులూ లేదు, ఈ మనిషి చూపు ఒక్కటే. డాక్టరు మెల్లగా చెప్పాడు నాకు, ఇంకా ముదరనిస్తే తీయడం కష్టమవుతుందని. ఆ మాట ఆయనకి చెబితే అదీ ఒక కథే అవుతుంది. అందుకని మింగేశాను.

అప్పుడొచ్చావు నువ్వు, ఆదివారం. ఇది నీకు తెలుసు, అయినా రాయి, చదివేవాళ్ళకి తెలియదుగా. నేను చెట్టు ముందు కూర్చుంటే నువ్వు నా పక్కన కింద చతికిలబడి ఫోనుతో ఫొటో తీశావు. సరిగ్గా నేను చెప్పిన చోటు నుంచి, తెల్ల దుప్పటి వెనక నిండుగా. లోపలికెళ్ళి టీవీ మీద వేశావు, గోడంత పెద్దగా. మీ తాతయ్య క్రికెట్ కోసం ఎదురుచూస్తూ టీవీ ముందే ఉన్నారు.

"అబ్బో!" అన్నారు. అలా అనడం నేను చాలా కాలానికి విన్నాను. కుర్చీలోంచి ముందుకి జరిగారు. "ఎంత పాత చెట్టే ఇది! వందేళ్ళుంటుందా? ఆ కొమ్మల చీలిక చూడు, గోదావరి పాయల్లా. ఎక్కడిది, జపాన్‌దా?"

"నహీఁ తాతయ్యా, మన బాల్కనీది."

"పోవే, నాకు చెబుతావా!"

"సచ్చీ. అభీ తీశాను."

ఆయన వెనక్కి తిరిగి బాల్కనీ వైపు చూశారు. మళ్ళీ టీవీ వైపు. లేచి, కుండీ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచారు. గాల్లో తడుముకుంటుంటే ఒక రెమ్మ వేలికి తగిలింది. దాని వెంబడే మెల్లగా వేలు జరుపుకుంటూ, చీలిన చోట ఆగి, రెండో దాని మీదికి వెళ్ళి, మళ్ళీ ఆగి. నువ్వు ఏదో అనబోయావు, నీ చెయ్యి నొక్కాను.

"ఇవన్నీ ఉన్నాయా?" అన్నారు.

"ఉన్నాయండీ."

"ఎప్పటినుంచి?"

"నేను రోజూ చూస్తున్నది వాటినేగా."

ఆ రోజు క్రికెట్ చూళ్ళేదు. రాత్రి భోజనం దగ్గర అడిగారు, "ఆకులు ఎప్పుడొస్తాయి దీనికి?" అని.

"ఎండ కాస్త ముదిరితే ఫిబ్రవరిలో మొగ్గ విప్పుతుంది. ఆ తర్వాత కొమ్మలు కనిపించవు."

"అయితే ఈలోగా చేయించెయ్యి. ఒక కన్ను చాలు. కానీ షరతు, ఆపరేషను గురించి నువ్వు నోరెత్తకూడదు."

ఎత్తలేదు. నా జన్మలో అంత కష్టమైన డ్యూటీ చెయ్యలేదు.

మర్నాడే తేదీ తీసుకున్నాను. తీరా ఆ వారం ఢిల్లీ గాలి విషమైపోయింది, ఈయనకి దగ్గు పట్టుకుంది. దగ్గుతుంటే కన్ను ముట్టుకోనన్నాడు డాక్టరు. వాయిదా పడింది. ఇంట్లో ఆవిరి పట్టించాను, మిరియాల కషాయం పట్టించాను. అటు చూస్తే చెట్టు! దక్షిణం బాల్కనీలో ఎండ పడుతోంది, మొగ్గలు లావెక్కుతున్నాయి. మామూలుగా అయితే ఆ లావెక్కడం చూసి సంతోషించేదాన్ని. ఇప్పుడు ప్రతి మొగ్గనీ చూసి, "ఆగవే తల్లీ, ఇంకొన్నాళ్ళు పడుకో" అని బతిమాలుకోవడం.

చివరికి దీదీని పిలిచి, ఇద్దరం కలిసి కుండీని ఉత్తరం వైపు, వంటింటి వెనక బాల్కనీకి చేర్చాం. అక్కడ ఎండ పొడ తగలదు, గడ్డకట్టే చలి. దీదీ అడిగింది, "అందరూ చెట్టు ఎప్పుడు చిగురిస్తుందా అని చూస్తారు, మీరేంటి ఆపుతున్నారు?" అని. విషయం చెప్పాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంటుందేమో అనుకుంటే పకపకా నవ్వి, "మర్దోఁ కో తో ఐసే హీ మనానా పడ్తా హై" అంది. మగాళ్ళని ఇలాగే ఒప్పించుకోవాలట.

ఒకవైపు ఆయనకి వెచ్చగా దుప్పట్లు, ఇంకోవైపు చెట్టుకి చలి. రోజుకి ఎన్నిసార్లు తిరిగేదాన్నో ఆ రెండు మంచాల మధ్య! నవ్వకు, నాకు రెండూ మంచాలే.

దగ్గు తగ్గింది. ఆపరేషనుకి వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "నిజం చెప్పు, లోపల ఏం చేస్తారు?" అన్నారు.

"షరతు ప్రకారం నేను నోరెత్తకూడదు."

"ఇప్పుడెత్తచ్చు."

"ఏం చెయ్యరండీ. మసక తీసి అద్దం పెడతారు. బయటికొచ్చాక ఆకలేస్తోందంటారు, నేను ఇడ్లీ పెడతాను. నేను ఇంట్లో ఎప్పుడూ చెప్పని కథ ఇదే."

అలాగే అయింది. బయటికొచ్చి మొదట అడిగింది ఇడ్లీయే. మర్నాడు కట్టు తీశారు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని సినిమా హీరోలా ఇంటికొచ్చారు. దారిపొడుగునా బోర్డులన్నీ పైకి చదువుతూనే ఉన్నారు, ఆటో అబ్బాయి విసుక్కునేదాకా.

వంగకూడదన్నాడు డాక్టరు. అంటే మోఢా మీద కూర్చుని కింద ఉన్న చెట్టు చూడటం కుదరదు. అందుకని నేనూ నువ్వూ కలిసి చెట్టునే డైనింగ్ టేబుల్ మీదికి ఎక్కించాం. వెనకాల తెల్ల దుప్పటి నువ్వు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డావు, గుర్తుందా? "అమ్మమ్మా, హాథ్ దర్ద్" అని నువ్వు చేతుల నొప్పితో గోల పెడుతున్నావు, ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

నేనేమీ చెప్పలేదు, వేళ్ళ దగ్గర మొదలుపెట్టండి అని కూడా. ఆయన తనంతట తను కిందనుంచే మొదలుపెట్టారు. చూపు మెల్లగా ఎక్కుతోంది, ఆయన గడ్డం కూడా దాంతో పాటు లేస్తోంది. చివరలకి వచ్చేసరికి నోరు కొంచెం తెరుచుకుంది. నల్లకళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి, ఆపరేషనైన కన్ను మూసి చూశారు, తెరిచి చూశారు. మళ్ళీ మూశారు, మళ్ళీ తెరిచారు. చిన్నపిల్లాడు లైటు స్విచ్చితో ఆడుకున్నట్టు.

"ఎంత సన్నగా ఉన్నాయే! ఇన్ని ఎలా చేశావు?"

"నేను చెయ్యలేదు. కత్తిరించాను, అంతే. అదే చీలింది."

"ఈ కొమ్మ దగ్గర తీగ బాగా బిగించేశావు. మచ్చ పడింది చూడు."

చూశావా! కన్ను రాగానే తప్పు దొరికింది. ఆ మచ్చ నేను దీదీకి కూడా కనిపించకుండా వెనక్కి తిప్పి దాచింది. టేబుల్ ఎక్కించే కంగారులో ముందుకి తిరిగిపోయింది.

"సరేగానీ, ఇదేంటి, పచ్చగా?" అన్నారు ముందుకి వంగబోయి, డాక్టరు మాట గుర్తొచ్చి ఆగి.

"పచ్చగా ఏం లేదండీ. పొద్దున్నే అన్ని మొగ్గలూ చూశాను, ఒక్కటీ విప్పలేదు."

"ఉందే. ఎడం పక్క, కింది కొమ్మ చివర. సూదిమొనంత."

నేను అద్దాలు పెట్టుకుని చూశాను. కనిపించలేదు. అద్దాలు తుడుచుకుని చూశాను. ఊహూఁ. నువ్వు దుప్పటి వదిలేసి పరిగెత్తుకొచ్చి చూసి, "హాఁ అమ్మమ్మా, హై! తాతయ్య కరెక్ట్!" అన్నావు. నీ ఫోనులో పెద్దది చేసి చూపిస్తే అప్పుడు తెలిసింది. గోధుమరంగు పొలుసు పగిలి, లోపల్నుంచి ఇంత పచ్చటి ముక్కు.

ఆయన నల్లకళ్ళద్దాల పైనుంచి నా వైపు చూసిన చూపు నీకు కనపడలేదు, నాకు తెలుస్తుంది. మెల్లగా అన్నారు, "ఏమ్మా సిస్టరూ, ఎప్పటినుంచి ఇలా?"

"వెలుతురు చాలట్లేదండీ, ఇక్కడ."

"మిట్టమధ్యాహ్నం" అన్నారు. అనేసి, ఫోను తీసి, కళ్ళ డాక్టరుగారి నంబరు తనే వెతికి, తనే నొక్కి, నా పేరు చెప్పి టైము అడిగారు.